పన్నెండో మెట్టు

వదిన కీబోర్డు ఇంట్లో అడుగుపెట్టిన రోజునే పిట్టకు కష్టకాలం మొదలైంది. ఇందులో వదిన తప్పేమీ లేదు, కీబోర్డు తప్పు అసలే లేదు. ఆ సంగతి పిట్టకు తెలుసు. తెలిసినంత మాత్రాన కోపం ఆగుతుందా? ఆగలేదు.

పిట్ట అంటే అసలు పేరు కాదు. మనిషి పొట్టి, చేతులు పొట్టి, నోరు మాత్రం పెద్దది. "పిట్ట కొంచెం, కూత ఘనం" అని చిన్నప్పుడెప్పుడో మామయ్య అంటే, సగం మాట ఊడిపోయి సగం అతుక్కుపోయింది. పగలంతా పళ్ళ ల్యాబులో కూర్చుని ఎవరివో తెలియని నోళ్ళకు కట్టుడు పళ్ళు చెక్కుతుంది. సాయంత్రాలూ సెలవు రోజులూ బాస్ గిటార్ వాయిస్తుంది. చెక్కిన పళ్ళకు ఎవరూ చప్పట్లు కొట్టరు. కాబట్టి బతుకులో తనది అనిపించేది ఆ రెండోదే.

వదిన రాకముందు వాళ్ళది ముగ్గురి బృందం. అన్నయ్య పాడతాడు, పిట్ట బాస్ వాయిస్తుంది, మామయ్య డ్రమ్ములు కొడతాడు. మామయ్య అంటే అమ్మ తమ్ముడు. బాయిలర్ల ఫ్యాక్టరీలో చాలాకాలం పనిచేసి, ఎడమ చెవిని అక్కడే వదిలేసి రిటైరైన మనిషి. చిన్న చిన్న హాళ్ళలో, క్లబ్బుల్లో, పుట్టినరోజు పార్టీల్లో వాయించేవాళ్ళు. విన్నవాళ్ళు "మీ పాటలో ఏదో కొత్తదనం ఉందండీ" అనేవాళ్ళు. ఆ కొత్తదనం ఏమిటో వాళ్ళూ చెప్పలేదు, వీళ్ళూ అడగలేదు.

వదిన చిన్నప్పటినుంచీ పియానో నేర్చుకున్న మనిషి. కాపురానికి వచ్చాక కొన్నాళ్ళకు పుట్టింటినుంచి కీబోర్డు తెప్పించుకుంది. దాన్ని ముందుగదిలో కిటికీ పక్కన పెట్టి, అన్నయ్య పొంగిపోయి, "ఇక మనకి లోటేముంది!" అన్నాడు. పాట మొదలుపెట్టారు. పల్లవి చక్కగా నడిచింది. చరణంలో పాట పైకి ఎక్కేసరికి, పలక మీద గోరు గీసినట్టు, ఏదో గీరుకుంది. అన్నయ్య చెయ్యెత్తి ఆపాడు. మళ్ళీ మొదలుపెట్టారు. మళ్ళీ అక్కడే గీరుకుంది.

"ఎవరిది?" అన్నాడు అన్నయ్య.

అన్నయ్య బడిలో లెక్కలు చెప్తాడు. ఎక్కడ తేడా వచ్చినా ఎవరిదో ఒకరిది తప్పై తీరాలి, అది తనది కాకూడదు. వదిన తల వంచుకుని మీటలకేసి చూసింది. మామయ్య డ్రమ్ము పుల్లలు రెండూ పైకెత్తి, "నన్ను చూడకండిరా, నాది తోలు. తోలుకి మీ శ్రుతితో పనేంటి?" అన్నాడు. మిగిలింది పిట్ట.

అన్నయ్య ఫోన్లో శ్రుతి చూపించే ట్యూనరు తెరిచి బాస్ ముందు పెట్టాడు. తీగను ఊరికే మీటితే ముల్లు సరిగ్గా మధ్యలో నిలబడింది. "పన్నెండో మెట్టు నొక్కు" అన్నాడు. గిటారు మెడ మీద అడ్డంగా లోహపు మెట్లుంటాయి కదా, వాటిలో పన్నెండోది తీగకు సరిగ్గా నడుమ ఉంటుంది. అక్కడ నొక్కి మీటితే అదే స్వరం పై స్థాయిలో పలకాలి. పలకాలి అనే లెక్క. పిట్ట నొక్కి మీటింది. ముల్లు మధ్యగీత దాటి అవతలికి పోయి కూర్చుంది. లావు తీగ మీద మరీ దూరం పోయింది.

"దొరికాడు దొంగ" అన్నాడు అన్నయ్య.

నెలాఖరుకు వాళ్ళు స్టూడియోలో సొంత పాటలు రికార్డు చేయాలి. వదిన పెదనాన్న కొడుకు ఒకడున్నాడు, తాటిచెట్టంత మనిషి, అందరూ పొడుగాడు అంటారు, వాడికి కొత్త పెద్ద బాస్ ఉంది. "ఈలోపల నీ పొట్టిదాన్ని బాగుచేసుకున్నావా సరే. లేదంటే పొడుగాడు వాయిస్తాడు" అని అన్నయ్య తేల్చేశాడు.

"రికార్డింగు ఒక్కదానికేనా?"

అన్నయ్య ట్యూనరు మూసి ఫోను జేబులో పెట్టుకున్నాడు. "చూద్దాం. బృందం అన్నాక శ్రుతి ముఖ్యం కదే."

ఆ "చూద్దాం"కు అర్థమేమిటో పిట్టకు చెప్పనక్కర్లేదు. పొడుగాడు ఒకసారి వచ్చి కూర్చుంటే ఇక లేవడు. తను ముందు వరసలో కూర్చుని చప్పట్లు కొట్టే చెల్లెలవుతుంది.

మరి పెద్ద బాస్ కొనుక్కోవచ్చు కదా అంటారు. పొడుగాడిది ఒకసారి ఒళ్ళో పెట్టుకుని చూసింది. మొదటి మెట్టు మీద వేలు పెట్టాలంటే భుజం ఊడి చేతిలోకి వచ్చేట్టుంది. ఆమె చేతికి కుదిరేది పొట్టి మెడ బాస్ ఒక్కటే, ఊళ్ళో దొరికింది ఈ పాతదొక్కటే. బడిలో చదివే రోజుల్లో పాత సామాన్ల దుకాణంలో కుట్టుమిషన్ల వెనక కనిపిస్తే, అన్నయ్యే మోసుకొచ్చాడు. పిట్ట కంటే వయసులో పెద్దది. చేసిన ఫ్యాక్టరీ ఎప్పుడో మూతపడింది. ఎందుకు మూతపడిందో పిట్ట ఇట్టే చెప్పగలదు.

ఆ బాస్ తయారుచేసినవాడికి లోకంలో అందరిమీదా ప్రేమ ఉంది, వాయించేవాళ్ళ మీద తప్ప. కుడిచెయ్యి ఆనాల్సినచోట తళతళలాడే ఇనపమూత బిగించాడు. మూతకింద తీగల్ని నొక్కిపెట్టడానికి స్పాంజి ముక్క అంటించాడు. ఆ కాలంలో బాస్ దబ్‌దబ్‌మని మోగి ఆగిపోవాలట, అదో మోజు. ఏళ్ళు గడిచేసరికి స్పాంజి కరిగి తారు అయింది. వేలికంటుకుంటే కిరసనాయిలుతో కడిగినా వదలదు. బజార్లో దొరికే తీగలన్నీ పొడుగు బాసులవి. కత్తిరించి వేస్తే కొస దగ్గర చుట్టు ఊడి, వాయిస్తూ వాయిస్తూ ఉండగానే గరగరమంటుంది. స్క్రూలు ఏ కొలతకూ లొంగవు, ఒకటి పోతే దాని జోడీ ఈ భూప్రపంచంలో లేదు.

ఇవన్నీ ఒక ఎత్తు, బ్రిడ్జి ఒక ఎత్తు. తీగలు నాలుగూ కిందివైపు ఆనుకునే వంతెన అది. మామూలు బాసుల్లో ఒక్కో తీగకూ ఒక్కో చిన్న దిమ్మ ఉంటుంది, స్క్రూ తిప్పితే ముందుకో వెనక్కో జరుగుతుంది. తీగ నొక్కితే సాగుతుంది, సాగితే స్వరం ఎక్కుతుంది. ఆ ఎక్కిన మేరకు దిమ్మను వెనక్కు జరిపి సరిచేస్తారు. లావు తీగకు ఎక్కువ జరపాలి, సన్న తీగకు తక్కువ. ఈ మహానుభావుడు నాలుగు తీగలకూ కలిపి ఒక్క చెక్కబద్ద పెట్టాడు. అటో చక్రం, ఇటో చక్రం. బద్దను పైకెత్తవచ్చు, కిందికి దించవచ్చు. ముందుకూ వెనక్కూ మాత్రం పట్టుకుని గుంజినా కదలదు.

ఊళ్ళో గిటార్లు బాగుచేసే పెద్దాయనను అందరూ డాక్టరుగారు అంటారు. పిట్ట ముందు ఆయన దగ్గరికే వెళ్ళింది. ఆయన పెట్టె తెరిచి చూసి, కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

"అమ్మా, ఇది ముట్టుకోకూడని వస్తువమ్మా."

"వాయించకూడదా అండీ?"

"వాయించండి. మార్చకండి. ఈ స్క్రూలు కూడా అప్పటివే చూశారా? ఇలాంటి బ్రిడ్జి ఇప్పుడెవరూ చెయ్యరు."

"ఎందుకు చెయ్యరో నాకు బాగా తెలుసండీ" అంది పిట్ట.

ఆయన వినిపించుకోలేదు. బద్దను ఒక వేలితో నిమిరాడు. "ఆ రోజుల్లో బాస్ అంటే కింది మెట్ల మీదే వాయించేవాళ్ళమ్మా. పైకెళ్ళాల్సిన అవసరమేముంది?"

"మరి పై మెట్లు ఎందుకు పెట్టారండీ?"

"అందానికి."

పిట్టకు ఒళ్ళు మండిపోయింది. బద్ద తీసేసి నాలుగు దిమ్మల బ్రిడ్జి పెట్టమని బతిమాలింది. కొత్తదానికి వేరే చోట రంధ్రాలు చెయ్యాలి, రంధ్రం చేస్తే ఈ వస్తువు చచ్చిపోయినట్టే, ఆ పాపం నేను కట్టుకోను అన్నాడాయన. కావాలంటే మంచి అద్దాల పెట్టె చేయించి గోడకు తగిలించుకోమని సలహా కూడా ఇచ్చాడు. చావనివ్వకా, బతకనివ్వకా ఇదేం వైద్యమో! ఆమె పెట్టె మూసుకుని బయటికొచ్చి, రోడ్డు మీద పోయేవాళ్ళు వెనక్కి తిరిగి చూసేంత గట్టిగా ఆయనను తిట్టింది. తిట్టాక ఆకలేసింది. తింటూ ఉండగా ఒక ఆలోచన వచ్చింది.

రంధ్రం చెయ్యకూడదు, సరే. ఉన్న రెండు చక్రాల మీదే కూర్చునేలా ఇంకో బద్ద చేస్తే? చెక్కది కాదు, లోహానిది. కాస్త వెడల్పుగా, వెనక్కి పొడుచుకొచ్చేలా. లావు తీగ అన్నింటికంటే వెనక ఆనాలి, దాని పక్కది ఇంకొంచెం ముందు, ఆ పక్కది ఇంకొంచెం ముందు. దిమ్మలు కదలకపోతే మానె, కదలాల్సినంత దూరం ముందే కదిపి అచ్చు పోసేస్తే సరి. అచ్చులు పొయ్యడం తన కూటివిద్యే.

పళ్ళ ల్యాబులో రోజూ చేసేది అదే. మైనంతో బొమ్మ చెక్కి, చుట్టూ అచ్చుపిండి కలిపి పోసి, గట్టిపడ్డాక కొలిమిలో పెడతారు. మైనం కరిగిపోతుంది. ఆ ఖాళీలోకి కరిగిన లోహం పోస్తే పళ్ళ చట్రం తయారు. ల్యాబు యజమానురాలిని అడిగితే, "మన పని పాడవనంతవరకూ నీ ఇష్టం, తుక్కు లోహం వాడుకో" అంది. మధ్యాహ్నం భోజనాల వేళ, అందరూ క్యారియర్లు విప్పుకుంటూ ఉండగా, పిట్ట మైనం ముద్దతో కుస్తీ పట్టింది.

మొదటి బద్ద చల్లారాక కుంచించుకుపోయింది. చక్రాల మొలలు రంధ్రాల్లో దూరలేదు. తప్పు తనదే, లోహం కుంచించుకుంటుందని పనిలో చేరిన మొదటి వారంలోనే నేర్చుకుంది. పళ్ళ దగ్గర గుర్తుండే సంగతి గిటారు దగ్గర గుర్తుండొద్దూ! రెండోది జాగ్రత్తగా చేసింది. కొలతలు తీసింది, కుంచించుకునే మేరకు పెంచింది, అంచులు అద్దంలా మెరుగుపెట్టింది. తీగలు నాలుగూ వదులుచేసి, పాత బద్ద తీసి కొత్తది పెట్టి, మళ్ళీ నాలుగూ బిగించి ట్యూనరు పెడితే లావు తీగ మునుపటికంటే అన్యాయంగా పలికింది. సన్న తీగ కిందికి జారింది. ఎందుకో అంతుపట్టక చాలాసేపు బుర్ర గోక్కుంది. పట్టుబడ్డాక ఏడవాలో నవ్వాలో తెలియలేదు. పై దవడ పళ్ళను ల్యాబులో తలకిందులుగా పట్టుకుని చెక్కుతారు. చేతికి ఆ అలవాటు ఉంది, మైనాన్ని తిరగేసి పట్టుకుంది, అంతే. లావు తీగ కోసం వెనక్కి జరిపిన చోటు పోయి సన్న తీగ కింద చేరింది. బాస్‌కు పై దవడ చేసిన మనిషి లోకంలో తనొక్కతే అయి ఉంటుంది.

బద్దను తీసి బల్ల మీదికి విసిరికొట్టింది. అది ఎగిరిపడి ఎవరి నోటికో సిద్ధం చేసిన కట్టుడు పళ్ళ మీద పడింది. ఒక పన్ను అంచు లేచింది. ఇక ఆ పన్ను సరిచేసే పని కూడా నెత్తిమీద పడింది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

మూడోది కుదిరింది. పన్నెండో మెట్టు నొక్కి మీటితే ముల్లు మధ్యగీత మీద నిలబడింది. పక్క తీగ, ఆ పక్కది, చివరిది, అన్నిటికీ నిలబడింది. పిట్ట నమ్మలేక మళ్ళీ మొదటినుంచి మీటింది. ల్యాబులో ఎవరూ లేరు కాబట్టి కుర్చీ మీద కూర్చునే కాసేపు గంతులేసింది.

ఆ ఆదివారం పొద్దున్నే ముందుగదిలో అందరూ చేరారు. పిట్ట కొత్త బద్దను అందరికీ చూపించింది. మామయ్య అటూ ఇటూ తిప్పి చూసి, "బాగుందే కోడలా, కానీ నవ్వితే బయటికి కనిపిస్తుందేమో" అన్నాడు. పాట మొదలైంది. పల్లవి చక్కగా నడిచింది. చరణంలో పాట పైకి ఎక్కింది.

మునుపు పలక మీద గోరు. ఇప్పుడు ఇనప తలుపు సిమెంటు గచ్చు మీద ఈడ్చినట్టుంది.

అన్నయ్య పాట ఆపేశాడు. "ఏం చేశావే దాన్ని? ముందే నయం!"

"నేనేం చేశాను? ట్యూనరు పెట్టి చూడు. కావాలంటే నువ్వే చూడు!" పిట్ట ఫోను తీసుకెళ్ళి అతని ముక్కు ముందు పెట్టింది. ముల్లు మధ్యలోనే ఉంది.

"మెషిన్లు చెప్పేదంతా నిజం కాదు. చెవి చెప్పాలి."

"మొన్న మెషినే కదా దొంగని పట్టుకుంది?"

"మొన్న మొన్న, ఇవాళ ఇవాళ."

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకంతో ఎవరు వాదించగలరు? మామయ్య మధ్యలో దూరి, "ఆడలేక మద్దెల ఓడు అంటారు. మద్దెల మార్చినా ఆడలేకపోతే ఏమంటారో మరి" అని నవ్వాడు. ఆయన హాస్యానికే అన్నాడు. కానీ అది పిట్టకు సూటిగా వచ్చి తగిలింది. ఇన్నాళ్ళూ తప్పు బద్దది అనుకుంది. బద్ద మారింది, తప్పు పోలేదు. అంటే తప్పు తన వేళ్ళదేనా? తన చెవిదేనా? ఇన్నేళ్ళూ వాయించింది వాయింపే కాదా?

"నేను పొడుగాడికి చెప్పేస్తాను" అన్నాడు అన్నయ్య.

పిట్ట బాస్‌ను సోఫా మీద పడేసి పెరట్లోకి పోయింది. బట్టలుతికే బండ మీద కూర్చుని, కన్నీళ్ళు వస్తుంటే వాటినీ తిట్టింది. కాసేపటికి వదిన వచ్చింది. ఆరేసిన బట్టలు తియ్యడానికి వచ్చినట్టు తీగ దగ్గర నిలబడింది. బట్టలు ఇంకా తడిగానే ఉన్నాయి.

"నీ బాస్ ఇప్పుడు సరిగ్గా ఉంది పిట్టా" అంది మెల్లగా.

"సరిగ్గా ఉంటే ఆ గోలేంటి వదినా?"

వదిన ఒక చొక్కా క్లిప్పు తీసి మళ్ళీ పెట్టింది. "మీ అన్నయ్య."

"అన్నయ్యేంటి?"

"పై స్వరాల దగ్గర ఉండాల్సినదానికంటే ఎక్కి పాడతారు. ఎప్పుడూ అంతే. ఇదివరకు నీ బాస్ కూడా అక్కడే ఎక్కేది, మీరిద్దరూ కలిసిపోయేవారు. నా కీబోర్డే వేరేగా వినిపించేది. ఇప్పుడు నువ్వూ నేనూ ఒకటి, ఆయన ఒక్కరూ వేరు."

పిట్ట లేచి నిలబడింది. "నీకెప్పట్నుంచి తెలుసు?"

"మొదటి రోజునుంచీ."

"మొదటి రోజునుంచీ తెలిసి నోరు మూసుకుని కూర్చున్నావా? నేను మధ్యాహ్నాలు తిండి మానేసి మైనం చెక్కుతుంటే చూస్తూ ఊరుకున్నావా?"

"కొత్తగా పెళ్ళయినదాన్ని. అందరి ముందూ మొగుడి గొంతు బాలేదని ఎలా అనమంటావు? నీ బాస్‌లో ఎలాగూ లోపం ఉంది కదా, అది సరైతే ఆయనే సర్దుకుంటారనుకున్నాను." వదిన ఇంకో క్లిప్పు పీకింది. "మింగలేక కక్కలేక నేనూ చచ్చిపోతున్నాను పిట్టా."

పిట్టకు ఆమె మీద జాలి పడే ఓపిక లేదు. "వెళ్ళి ఇప్పుడు చెప్పు" అంది. వదిన కదల్లేదు. "నేను చెప్తే నమ్మడు, అక్కసుతో అంటున్నాననుకుంటాడు. నువ్వే చెప్పాలి" అని పిట్ట మళ్ళీ అంది. వదిన తడిబట్టలు భుజాన వేసుకుని లోపలికి పోయింది. ఆ రోజు ఏమీ చెప్పలేదు, మర్నాడూ చెప్పలేదు.

నెలాఖరు వచ్చింది. స్టూడియోకు పిట్ట కూడా వెళ్ళింది. రమ్మని ఎవరూ అనలేదు, వద్దని అనే ధైర్యమూ ఎవరికీ లేదు. పెట్టెలో తన బాస్ పెట్టుకుని వ్యాను వెనకసీట్లో కూర్చుంది. స్టూడియో అంటే మేడ మీద రెండు గదులు. నడుమ పెద్ద అద్దం, గోడల నిండా బూడిదరంగు స్పాంజి. అద్దానికి ఇవతల స్టూడియో ఆయన చెవులకు హెడ్‌ఫోన్ల డబ్బాలు తగిలించుకుని మీటల ముందు కూర్చున్నాడు. పిట్ట ఆయన వెనక గోడకానుకుని స్టూలు మీద కూర్చుంది. అద్దానికి అవతల, తను నిలబడాల్సినచోట పొడుగాడు నిలబడ్డాడు. లోపలికి పోయేముందు ఆమె దగ్గరికొచ్చి, "సారీ అండీ, రమ్మంటే వచ్చాను" అన్నాడు పాపం. మంచివాడు. మంచివాడు కావడం వల్ల తిట్టడానికి కూడా వీల్లేకపోయింది.

పాట మొదలైంది. పల్లవి చక్కగా నడిచింది. చరణం పైకి ఎక్కింది, అన్నయ్య ఆపేశాడు. మళ్ళీ మొదలు. మళ్ళీ అక్కడే. అన్నయ్య పొడుగాడి వైపు చూశాడు. పొడుగాడు తన బాస్ వైపు చూసుకున్నాడు. పిట్ట స్టూలు మీద నిటారుగా కూర్చుంది. కొత్త బాస్, పెద్ద బాస్, తీగకో దిమ్మ ఉన్న బాస్. గీరుకోవడం మాత్రం అదే.

"ఒక్కసారి ఇవతలికి రండి, వినిపిస్తాను" అన్నాడు స్టూడియో ఆయన.

అందరూ వచ్చి ఆయన వెనక నిలబడ్డారు. ఆయన ఒక మీట దించి బాస్, కీబోర్డు మాత్రమే వినిపించాడు. నీళ్ళలా నిర్మలంగా ఉంది. ఇంకో మీట ఎత్తాడు. అన్నయ్య గొంతు వచ్చింది, దానితోపాటే గీరుడూ వచ్చింది. మీట దించాడు, పోయింది. ఎత్తాడు, వచ్చింది.

"గొంతండీ" అన్నాడు. ఆయనకిది రోజూ ఉండే పనే, బిస్కెట్టు ముక్క నోట్లో వేసుకున్నాడు.

"నా గొంతా?"

"పై స్వరాల దగ్గరే. కింద బాగుంది."

అన్నయ్య మొహం కందిపోయింది. ఒక్కొక్కరి వైపే చూశాడు. మామయ్య పుల్లలు లెక్కపెట్టుకుంటున్నాడు. అన్నయ్య చూపు వదిన దగ్గర ఆగింది. "నిజమేనా?"

"నిజమేనండీ" అంది వదిన. "మొదటినుంచీ అంతే. పిట్ట తప్పు ఎప్పుడూ లేదు. నేనే చెప్పలేకపోయాను."

ఈ మాట కోసం పిట్ట ఎన్నాళ్ళుగా కాచుక్కూచుందో! విన్నావా, ఇప్పుడేమంటావు, మెషిన్లు చెప్పేది నిజం కాదా, ఇలా అప్పజెప్పాల్సినవి చాలా దాచుకుంది. కానీ అన్నయ్య మొహం చూస్తే అవేవీ అనబుద్ధి కాలేదు. బయటివాళ్ళ ముందు అలా నిలబడాల్సిన గతి అతనికి ఎప్పుడూ పట్టలేదు.

"అన్నయ్యా, అది నీ గొంతు లోపం కాదు" అంది. "నా పాత బద్దే. అది ఎక్కడ ఎక్కేదో నువ్వూ సరిగ్గా అక్కడే ఎక్కుతున్నావు. ఎంత ఎక్కేదో అంతే ఎక్కుతున్నావు. దాన్ని విని నేర్చుకున్నావు కదా, అలా పడిపోయింది."

"మరింకెవర్ని విని నేర్చుకోవాలే?" అన్నయ్య అరిచాడు. స్టూడియో ఆయన చెవి డబ్బాలు తీసేశాడు. "చిన్నప్పట్నుంచీ నువ్వు ఏది పలికిస్తే అదే శ్రుతి అనుకున్నాను! నాకింకెవరు చెప్పారు? నువ్వు తప్పు పలికిస్తావని నేను కలగన్నానా?"

అతను దెబ్బలాటకే అన్నాడు. తిట్టినట్టే అన్నాడు. పిట్టకు మాత్రం వేరేగా వినిపించింది. నెలంతా తన బాస్‌ను దొంగ అన్న మనిషి, పొడుగాడిని తెచ్చి నిలబెట్టిన మనిషి, ఇన్నేళ్ళూ ఆ బాస్ ఏమంటే అది మారుమాట లేకుండా నమ్మాడు. తప్పును కూడా తూచా తప్పకుండా నమ్మాడు. ఈ ఇంట్లో తన వాయింపును అంత శ్రద్ధగా విన్నవాళ్ళు ఇంకెవరున్నారు? తను కూడా అంతగా వినలేదు. కోపం పోలేదు. ఆ కోపంతోనే వంగి, స్టూలు పక్కన పెట్టుకున్న తన పెట్టె తెరిచింది.

పొడుగాడు లోపలికి వెళ్ళి తన బాస్‌కున్న వైరు పీకి, చుట్టకుండానే తెచ్చి, దాని కొస పిట్ట చేతికిచ్చాడు.

"ఇంకా టైముందా అండీ?" అని మామయ్య స్టూడియో ఆయనను అడిగాడు.

"ఉంది."

లోపలికెళ్ళి నిలబడ్డారు. పిట్ట పై స్వరం మీటింది. అన్నయ్య అందుకున్నాడు, ఎక్కాడు. "దిగు" అంది పిట్ట. దిగాడు, మరీ దిగాడు. "అంత కాదు." మళ్ళీ ఎక్కాడు. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ సరైనదనుకున్నది తప్పంటే చెవి ఒప్పుకుంటుందా? ఒప్పుకోలేదు. సరిగ్గా పాడిన ప్రతిసారీ అతని మొహం చేదు మింగినట్టయింది. "ఇది తప్పులా ఉందే నాకు!" అని విసుక్కున్నాడు. "ఉంటుంది" అని పిట్టా విసుక్కుంది. వదిన అదే మీటను నొక్కి పట్టుకుంది. మామయ్య డ్రమ్ముల మధ్య కూర్చుని కునుకు తీశాడు. టైమయిపోయింది. ఒక్క పాట కూడా రికార్డు కాలేదు.

తిరిగి వస్తూ వ్యానులో అన్నయ్య ముందుసీట్లో డ్రైవరు పక్కన కూర్చుని రోడ్డుకేసి చూస్తున్నాడు. పిట్ట అతని వెనకే కూర్చుంది. రద్దీలో వ్యాను ఆగుతూ కదులుతూ, చుట్టూ హారన్లు మోగుతుంటే, అతను వెనక్కి తిరక్కుండానే అన్నాడు.

"పిట్టా, ఆ పై స్వరం ఇవ్వు."

"ఇక్కడా? వ్యానులో కరెంటేది, ఏం వినిపిస్తుంది?"

"ఇవ్వవే."

పిట్ట పెట్టె తెరిచి బాస్‌ను ఒళ్ళోకి లాక్కుంది. మెడ కిటికీకి తగిలి పెచ్చు లేచింది, డాక్టరుగారు చూస్తే గుండె ఆగేదే. వేలు నొక్కి మీటింది. ఇంజను శబ్దంలో ఆ స్వరం ఆమెకే సరిగ్గా వినిపించలేదు. అన్నయ్య తల వెనక్కి వాల్చి, సీట్ల సందులోంచి చెవిని బాస్ చెక్కకు ఆనించాడు. కళ్ళు మూసుకుని, పెదవి కదలకుండా అందుకున్నాడు.

"ఇదా?"

"కాదు. ఇంకా దిగు."